గుమ్మానికి మూడు రంగులు



2026 జూలై 4 నాటికి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడి 250 ఏళ్లు. అది వెలువడింది 1776లో. అమెరికా పండుగ ముచ్చట మనకెందుకని ఎవరూ రేడియో కట్టెయ్యవద్దు. కోదాడలోనో, మిర్యాలగూడలోనో, వనపర్తిలోనో, కల్వకుర్తిలోనో ఏ వీధిలో నిలబడి అడిగినా, బిడ్డో కొడుకో అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. మనుమల్ని ఎత్తుకోవడానికి పోయిన అవ్వాతాతలు సరిగ్గా అమెరికా ఎండాకాలం నెలల్లోనే అక్కడ ఉంటారు. జూలై 4 వాళ్ల కళ్లముందే జరుగుతుంది. తిరిగొచ్చి పెట్టెలు విప్పేసరికి ఇక్కడ పంద్రాగస్టు దగ్గరపడుతుంది. ఒకే ఏట రెండు దేశాల జెండా పండుగలు చూస్తున్న తరం ఇది.

మిర్యాలగూడ తల్లి ఒకామె నన్ను అడిగిన మాటతో ఈ ప్రసంగం ఆలోచన పుట్టింది. "కొడుకు ఇల్లు న్యూజెర్సీలో. కోడలు వాకిలి నిండా ఎరుపు, తెలుపు, నీలం కడుతున్నది. అత్తమ్మా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యమంటున్నది. వెయ్యొచ్చునా? మన జెండాకేమన్నా అపచారమా?" అన్నది. ఆమె గొంతులో బెరుకు నిజమైంది. ఆమెకు నేనిచ్చిన జవాబే మీకూ చెప్తాను. రంగులు కట్టమ్మా, మనసారా కట్టు. జెండాను మాత్రం జెండాగానే ఉండనియ్యి. దాన్ని తెరగా, బల్లగుడ్డగా, తోరణంగా మార్చవద్దు. ఇది రెండు దేశాల పద్ధతి. రంగులకూ జెండాకూ తేడా ఎక్కడుందో, ఆ రంగులను ఎట్లా కడితే అందమో చెప్పడానికే ఈ కాసేపు.

ముందు అమెరికా సంగతి. స్వాతంత్ర్యానికి ఇల్లు అలంకరించాలన్న ఊహ ఆ దేశం పుట్టిన వారంలోనే పుట్టింది. 1776 జూలై 3న జాన్ ఆడమ్స్ తన భార్య అబిగెయిల్‌కు ఉత్తరం రాస్తూ, ఈ రోజును రాబోయే తరాలు ఊరేగింపులతో, ఆటలతో, మంటలు వేసి, దీపాలు పెట్టి, దేశం ఈ కొసనుంచి ఆ కొసదాకా జరుపుకుంటాయని ఊహించాడు. ఆయన అనుకున్నది జూలై 2 గురించి. స్వాతంత్ర్య తీర్మానం నెగ్గింది ఆ రోజే. ప్రకటన పత్రాన్ని ఆమోదించిన 4వ తేదీ జనంలో నిలిచిపోయింది. మరుసటి ఏడు ఫిలడెల్ఫియాలో తొలి వార్షికోత్సవం నాడు నదిలోని ఓడలన్నిటికీ రంగురంగుల పొడుగాటి గుడ్డపేలికలు కట్టారు. పదమూడు కాలనీలు గనుక ఒక్కో ఓడ నుంచి పదమూడు ఫిరంగులు మోగాయి. సాయంత్రం జనం తమ కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగించి పెట్టారు. అప్పటికి యుద్ధం ముగియలేదు, గెలుస్తామన్న భరోసా లేదు. ఆ ఏడు సెప్టెంబరులోనే ఫిలడెల్ఫియా బ్రిటిష్ సైన్యం చేతిలోకి పోయింది కూడా. అలాంటి రోజుల్లో కిటికీలో దీపం పెట్టడమంటే ఆ ఇంటివాళ్లు ఎటువైపు ఉన్నారో వీధికంతా చెప్పడమే.

ఇప్పటి అమెరికా వాకిళ్లలో మీరు చూసేది బంటింగ్. ఎరుపు, తెలుపు, నీలం చారల గుడ్డను మడతలు మడతలుగా కుట్టి, విప్పిన విసనకర్ర ఆకారంలో వరండా కమ్మీలకు వేలాడదీస్తారు. ఇది జెండా కాదు. జెండా రంగులున్న అలంకారపు గుడ్డ. అమెరికా జెండా నియమావళి ఈ రెంటినీ విడదీసి చెప్తుంది. జెండాను తెరగా గానీ, పరుపుమీది దుప్పటిగా గానీ వాడవద్దంటుంది. మరి వేదిక ముందు భాగానికి, ఉపన్యాసం ఇచ్చే బల్లకు, మామూలు అలంకారానికి ఏం వాడాలి? బంటింగ్ వాడమంటుంది. ఎట్లా కట్టాలో కూడా చెప్తుంది: నీలం పైన, తెలుపు నడుమ, ఎరుపు కింద. మిర్యాలగూడ అత్తమ్మలు కోడళ్లకు సాయం చేసేటప్పుడు ఈ వరస గుర్తుపెట్టుకుంటే చాలు.

అదే నియమావళి ఇంకో మాట అంటుంది. వాడి పారేసే వస్తువుల మీద, అంటే కాగితపు చేతిరుమాళ్ల మీద, అట్టపెట్టెల మీద జెండా అచ్చు వేయవద్దని. కానీ జూన్ నెలలో ఏ అమెరికా దుకాణంలోకి పోయినా చుక్కలూ చారలూ అచ్చేసిన పళ్లేలు, రుమాళ్లు గుట్టలుగా ఉంటాయి. ఆ నియమావళి సలహా మాత్రమే, తప్పితే శిక్ష లేదు. అందుకే ఆ గుట్టలు. శిక్ష లేకపోయినా మనం మన మర్యాద పాటించవచ్చు. మూతి తుడుచుకుని చెత్తబుట్టలో వేసే కాగితం మీద ఏ దేశపు జెండా ఉన్నా నాకు మనసొప్పదు. ఉత్త ఎరుపు పళ్లేలు, ఉత్త నీలం రుమాళ్లు దొరుకుతాయి. అవి తెచ్చుకుంటే బల్ల ఇంకా తేటగా కనిపిస్తుంది.

మన పిల్లల ఇళ్లలో ఈ పండుగ ఇప్పుడిప్పుడే ఒక రూపు తెచ్చుకుంటున్నది. ఇంటి ముందు కారు నిలిపే సిమెంటు బాటమీద రంగు సుద్దలతో ముగ్గు పెడుతున్నారు. ఎరుపు పూలు, తెల్ల చుక్కలు, నీలం అంచు. చుక్కలు పెట్టి గీత కలపడం మన ఆడబిడ్డలకు నేర్పాల్సిన పని కాదు. అయిదు కొసల నక్షత్రం ముగ్గులోకి ఇట్టే ఒదుగుతుంది. తలుపుకు అక్కడివాళ్లు పూలచక్రం తగిలిస్తే మనవాళ్లు పైన తోరణం కడతారు. తోరణం దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. ఇక్కడినుంచి పచ్చి మామిడాకులు పెట్టెలో పెట్టుకుపోవద్దు. పచ్చి ఆకులు, పండ్లు, విత్తనాలు ఏవున్నా విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకు చెప్పి తీరాలి. చెప్పకుండా దొరికితే జరిమానా. చెప్పినా చాలావరకు తీసి పక్కన పెట్టేస్తారు. గుడ్డతో కుట్టిన మామిడాకుల తోరణం పట్టుకుపొండి. ఏటేటా పనికొస్తుంది.

తిండి విషయంలో ఆ రంగులు కష్టపడకుండానే కుదురుతాయి. పుచ్చకాయ, స్ట్రాబెర్రీలు ఎరుపు. బ్లూబెర్రీలు నీలం. తెలుపుకు మన సేమియా పాయసం, కొబ్బరి లౌజు, పెరుగన్నం ఉండనే ఉన్నాయి. రంగునీళ్లు కలిపిన మిఠాయిలు పెట్టనక్కరలేదు.

ఇంకొక చట్టం సంగతి. అక్కడ కాలనీ సంఘాలు ఇంటి ముందు ఏం కట్టాలో, ఏ రంగు వేయాలో కూడా శాసిస్తాయి. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఇంటివాళ్లు అమెరికా జెండా ఎగరేయడాన్ని ఆ సంఘాలు పూర్తిగా అడ్డుకోలేవు. ఆ రక్షణ జెండాకే. దీపాలకు, బంటింగ్‌కు, సుద్దముగ్గుకు సంఘం నియమాలు చూసుకోవాల్సిందే. రాత్రిపూట జెండా ఉంచితే దానిమీద వెలుతురు పడేట్టు చూడాలన్నది అక్కడి పద్ధతి.

ఇప్పుడు మన గడ్డమీదికి వస్తాను. నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది ఇక్కడే.

1947 ఆగస్టు 15న ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, బెజవాడ దీపాలతో వెలిగిపోయిన రాత్రి, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వాకిలికి మూడు రంగులు కట్టే వీలు లేదు. మనం హైదరాబాదు సంస్థానంలో ఉన్నాం. ఆ జూన్‌లోనే నిజాం తాను ఏ దేశంలోనూ కలవనని ప్రకటించాడు. ఆగస్టు 7న స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని స్టేట్ కాంగ్రెస్ 'జాయిన్ ఇండియా' దినం జరిపింది. ఇండియాలో చేరాలని అడగడమే నేరమైంది. త్రివర్ణ పతాకం ఎత్తినవాళ్లను పోలీసులు పట్టుకుపోయారు. ఊళ్లల్లో రాత్రికి రాత్రే చెట్టుకొమ్మకో, చావడి మీదో జెండా కట్టి తెల్లారేసరికి కనుమరుగైన కుర్రవాళ్లు ఎందరో. సెప్టెంబరు 2న వరంగల్ వైపు పరకాలలో జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద కాల్పులు జరిగాయి. అక్కడ 2003లో అమరధామం కట్టారు. మన పాలమూరులో ఆత్మకూరు ప్రాంతపు అప్పంపల్లి ఉంది. 1947 అక్టోబరులో ఆ ఊళ్లో పోలీసు తూటాలకు పలువురు నేలకొరిగారు. పాలమూరు పిల్లలకు పాఠంగా చెప్పాల్సిన ఊరు అది. జలియన్‌వాలాబాగ్ తేదీ అప్పజెప్పే పిల్లల్లో ఎందరికి అప్పంపల్లి పేరు తెలుసో పంతుళ్లు ఒకసారి అడిగి చూడాలి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. లెక్క చూడండి. ఆ ఏటి ఆగస్టు అప్పటికే దాటిపోయింది. కాబట్టి నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో బహిరంగంగా జరిగిన తొలి పంద్రాగస్టు 1949లోనిది. దేశమంతటికంటే రెండేళ్లు ఆలస్యంగా మన ఊళ్లకు ఆ పండుగ వచ్చింది. అప్పుడైనా అందరి ఇంటా ఒకేలా రాలేదు. నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. సైన్యం క్యాంపులు పడ్డ ఊళ్లల్లో తోరణాలు కట్టే మనసు ఎవరికుంటుంది? ఈ నిజాన్ని పక్కన పెట్టి జెండా పండుగను వట్టి రంగుల ముచ్చటగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మూడు రంగులు గుమ్మానికి కట్టడం మన దగ్గర ఒక కాలంలో ప్రాణం మీదికి తెచ్చుకునే పని. అందుకే ఆ రంగులను ఎట్లా వాడుతున్నామన్నది నాకు పట్టింపు.

ఆ తరువాత బడులు ఆ పండుగను ఎత్తుకున్నాయి. మన దగ్గర పిల్లలు దాన్ని జెండా పండుగ అనే అంటారు. పంద్రాగస్టు ముందురోజు బడిలో జరిగే సందడి మీలో చాలామందికి చేతివేళ్లకే గుర్తుంటుంది. మైదాపిండి ఉడికించిన జిగురు, దాని వాసన. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ కాగితాలను మూడుమూలలుగా కత్తిరించి, సుతిలి దారానికి ఒకటి విడిచి ఒకటి అంటించడం. వేపచెట్టునుంచి గేటుకు, గేటునుంచి జెండా కర్రకు ఆ దారాలు లాగి కట్టడం. గద్దెకు సున్నం, చుట్టూ జాజు. తెల్లారి ప్రభాత భేరి, ఊరంతా నినాదాలు. జెండా విప్పగానే పూలరేకులు తలమీద రాలడం, చివర్న చేతిలో పడే బూందీ పొట్లమో చాక్లెట్లో.

ఆ పూలరేకుల విషయంలో ఒక చక్కని సంగతి ఉంది. 2002 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన భారత పతాక నియమావళి, జెండాలో ఏ వస్తువూ మూటగట్టవద్దని కచ్చితంగా చెప్తుంది. వెంటనే ఒక మినహాయింపు ఇస్తుంది. స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం లాంటి రోజుల్లో ఎగరేసేముందు పూలరేకులు పెట్టడానికి అభ్యంతరం లేదని. ప్రభుత్వ నిబంధనల పుస్తకంలో పూలకు చోటు దొరకడం నాకు ఎంతో నచ్చింది.

కానీ ఆ నియమావళే జెండాను తోరణంగా, కుచ్చుగా, మరే రకపు అలంకారంగానూ వాడవద్దంటుంది. ఇక్కడే మనం తప్పటడుగు వేస్తున్నాం. కాగితపు మూడుమూలలను దారానికి గుచ్చే రోజులు పోయి, చిన్నచిన్న జెండాలనే, చక్రంతో సహా, దారానికి గుచ్చిన దండలు బజార్లో అమ్ముతున్నారు. దుకాణం గుమ్మానికి, జీపు ముందు, పెళ్లి మండపానికి కూడా కడుతున్నారు. పాత బడిపిల్లల పద్ధతే సరైనది. ఒక్కో కాగితం ఒక్కో రంగు. మూడు రంగులూ చక్రమూ ఒకచోట చేరితే అది జెండా. విడివిడిగా ఉన్నంతసేపు అవి అలంకారం. అమెరికావాళ్లు బంటింగ్‌తో చేసుకున్న ఏర్పాటూ ఇదే. ఒక తేడా మరవద్దు. అక్కడ శిక్ష లేదన్నాను. ఇక్కడ జెండాను అవమానించినట్టు తేలితే 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

అట్లాగని ప్రతిదానికీ భయపడనక్కరలేదు. కోయంబత్తూరులో 2013 క్రిస్మస్ వేడుకలో మూడు రంగులు, అశోక చక్రం ఉన్న పెద్ద కేకు కోశారని కేసు పెడితే, 2021లో మద్రాసు హైకోర్టు అది అవమానం కిందికి రాదని కొట్టేసింది. జెండా ఎగరేయడం పౌరుల హక్కని సుప్రీంకోర్టు 2004లోనే నవీన్ జిందాల్ కేసులో తేల్చింది. 2022 జూలై నుంచి మన ఇంటిమీద రాత్రీ పగలూ జెండా ఉంచుకోవచ్చు. 2021 డిసెంబరు సవరణతో మిల్లులో నేసిన పాలిస్టర్ జెండాకూ అనుమతి వచ్చింది. చట్టం చేతులు చాచే ఉంది. కేకు మీద చక్రం వేయడం నేరం కాదు, సరే. అయినా కత్తి పెట్టి కోసే దానిమీద నేనైతే చక్రం వేయించను. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పూలు వేయించుకుంటాను. మీ ఇష్టం మీది.

ముగ్గుల పోటీల గురించి ఒక మాట గట్టిగానే చెప్తాను. పంద్రాగస్టుకు అపార్టుమెంట్లలో, కాలేజీల్లో ముగ్గుల పోటీ పెడితే పది ముగ్గుల్లో ఏడెనిమిది జెండా బొమ్మలే. నేలమీద జెండా, దానిమీద నడిచే పాదాలు. జెండా నేలకు తగలరాదని చదువుకున్న వాళ్లమే ఈ పని చేస్తున్నాం. ముగ్గు మన చేతిలో ఎంత పెద్ద విద్య! పాలపిట్టను వేయండి, తంగేడు గుత్తిని వేయండి. అవి మన రాష్ట్రపు పిట్ట, మన రాష్ట్రపు పువ్వు. నెమలిని కాషాయం అంచుతో, ఆకుపచ్చ పింఛంతో వేయండి. జెండా బొమ్మ లేకుండా దేశాన్ని చూపగలిగిన ముగ్గుకే మొదటి బహుమతి అని పోటీ పెట్టేవాళ్లు ఒక్కసారి ప్రకటించి చూడండి. ఎన్ని కొత్త ముగ్గులు పుడతాయో!

రంగులు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? మన దగ్గర ఆగస్టు అంటే ముసురు. క్రేపు కాగితం తడిస్తే రంగు కారి గోడకు, బట్టలకు అంటుతుంది. వరండా కిందికి తప్ప అది పనికిరాదు. బయటికి గుడ్డ ముక్కలే మేలు. దర్జీ దగ్గర మిగిలిన పేలికలు చాలు. ఆకుపచ్చకు వేపమండలు, మామిడి కొమ్మలు ఆ నెలలో నిగనిగలాడుతుంటాయి. కాషాయానికి ముద్దబంతి, కనకాంబరం. తెలుపుకు మల్లె కాలం దాటిపోతుంది కాబట్టి నందివర్ధనం, చామంతి. తంగేడు, గునుగు విరగబూసేది బతుకమ్మకు ముందు. నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17 వేడుకకు అవి అక్కడక్కడ అందుతాయి. ఆ రోజును ఒకరు విమోచన దినమంటారు, ఒకరు ప్రజాపాలన దినమంటారు. పేరు ఏదైనా వాకిలికి తంగేడు గుత్తి కట్టడానికి ఎవరికీ పేచీ ఉండదు. హోలీకి మోదుగుపూలు ఉడకబెట్టి రంగు తీసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆ పూలను మాఘ ఫాల్గుణాల్లోనే ఎండబెట్టి దాచుకుంటే, ఆగస్టులో నీళ్లలో మరగబెట్టి తెల్ల గుడ్డకు పట్టించవచ్చు. మెత్తని కాషాయం దిగుతుంది. వానకు కొంత వెలుస్తుంది, గుమ్మం లోపల కట్టుకోండి.

ప్లాస్టిక్ మాత్రం వద్దే వద్దు. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల్లో ప్లాస్టిక్ జెండాలున్నాయి, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలున్నాయి, అలంకారానికి వాడే థర్మోకోల్ ఉంది. పుట్టినరోజు పార్టీలకు పేర్లు చెక్కించే థర్మోకోల్ కూడా అందులోదే. కాగితం జెండాలు పిల్లలు చేతబట్టి ఊపవచ్చు. పండుగ అయ్యాక నేలమీద పారేయవద్దు. బడిలో పంతులమ్మ ఒక డబ్బా పెట్టి, ఇంటికి పోయేముందు జెండాలన్నీ అందులో వేయించి, తరువాత ఎవరి కంటా పడకుండా గౌరవంగా కాల్చేయించాలి. నియమావళి చెప్పే దారి అదే. ఆగస్టు 16 పొద్దున మోరీలో మూడు రంగులు తేలుతుంటే చూడలేం.

ఇక రెండు దేశాల పండుగలూ ఒకే ఇంట్లో జరిగే సందర్భం. మనుమడు అమెరికాలో పుట్టాడు, సెలవులకు నల్లగొండ వచ్చాడు, పుట్టినరోజు ఇక్కడే. వాడికి ఎరుపు, తెలుపు, నీలం కావాలి. తాతకు కొంచెం మొహమాటం. ఏం ఫర్వాలేదు, బెలూన్లు ఆ రంగుల్లో కట్టండి, నక్షత్రాలు కత్తిరించి గోడకు అంటించండి. జెండాలే పెట్టాలనుకుంటే పద్ధతి ఉంది. రెండూ ఒకే ఎత్తు, ఇంచుమించు ఒకే కొలత. మన దేశంలో మన పతాకం వేదికకు కుడిచేతి వైపు, అంటే చూసేవాళ్లకు ఎడమన. అమెరికా గడ్డమీద ఆ చోటు వాళ్ల జెండాది. గోడకు నిలువుగా వేలాడదీస్తే మన కాషాయం చూసేవాళ్లకు ఎడమవైపు రావాలి. వాళ్ల నక్షత్రాల నీలం గడి కూడా చూసేవాళ్లకు ఎడమవైపే, పైన. జూలై మొదటి వారాంతాల్లో అమెరికాలో తెలుగు సంఘాలు మహాసభలు జరుపుకుంటాయి. అక్కడ రెండు దేశాల గీతాలూ పాడుతారు. ఆ వేదికలమీద ఈ వరస పాటించడం చూడవచ్చు. పిల్లలకు ఈ కుడి ఎడమలు నేర్పించండి. ఆటలాగే నేర్చుకుంటారు.

అట్లా వచ్చిన మనుమల్ని ఒక పొద్దున నల్లగొండ పట్టణంలోకి తీసుకుపొండి. 2021 జనవరి 23న, నేతాజీ జయంతి నాడు మొదలుపెట్టి, అక్కడి ప్రధాన కూడళ్లలో రోజూ ఎనిమిదిన్నరకు జనగణమన వినిపించే ఏర్పాటు చేసుకున్నారు. మైకులో గీతం మొదలవగానే ఆటో ఆగుతుంది, కూరగాయల బండి ఆగుతుంది, అందరూ నిలబడతారు. కరీంనగర్ వైపు జమ్మికుంటలో 2017లో పోలీసులు మొదలుపెట్టిన అలవాటు దానికి స్ఫూర్తి. ఒక్క రంగు కాగితం లేకుండా, ఒక్క తోరణం లేకుండా బజారంతా జెండా పండుగే.

ఇంతకీ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చేతిలో ఉన్న పెద్ద సంపద నేత. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఒకవైపు. గద్వాల, నారాయణపేట మరోవైపు. అమెరికా బంటింగ్ గుడ్డ ఎక్కడెక్కడి మిల్లుల్లోనో అచ్చవుతుంది. ఆ నీలం, ఎరుపు, తెలుపు చారలు పోచంపల్లి మగ్గం మీద ఎందుకు పడకూడదు? అంచులు కొద్దిగా చెదిరినట్టుండే ఇక్కత్ చారతో వరండా కమ్మీకి విసనకర్ర మడతలు కట్టిన ఇల్లు డాలస్‌లో ఎంత నిండుగా ఉంటుందో ఊహించండి. పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు, తెలుపు, నలుపుల్లో వస్తుంది. నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నానబెట్టి నానబెట్టి నేసే ఆ గుడ్డకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది బల్లమీద పరిస్తే ఏ పండుగైనా మన పండుగ అవుతుంది. ఖరీదు ఎక్కువే. ఒకసారి కొంటే తరం నడుస్తుంది. జాతీయ చేనేత దినం ఆగస్టు 7. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన తేదీని పట్టుకుని 2015 నుంచి జరుపుతున్నారు. 'జాయిన్ ఇండియా' దినం కూడా ఆ తేదీనే వచ్చిందని ఇందాక చెప్పాను. పంద్రాగస్టు అలంకారానికి గుడ్డ కొనడానికి అంతకంటే మంచి రోజు కనిపించదు.

అయితే ఆ రోజుదాకా ఆగి ఆర్డరు ఇస్తే అందదు. ఇక్కత్‌లో రంగు నేతకు ముందే పడుతుంది. ముందు నూలు ఆసు పోయాలి. అదివరకు తల్లులు చెయ్యి అటూ ఇటూ వేలసార్లు ఆడించి పోసేవాళ్లు. ఆలేరు దగ్గర శారాజీపేట బిడ్డ చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆసు అయ్యాక రంగు ఎక్కకూడని చోటల్లా కట్లు కట్టాలి, రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, విప్పాలి, మళ్లీ కట్టి రెండో రంగులో ముంచాలి. మూడు రంగుల చారంటే ఇదంతా మళ్లీ మళ్లీ. తరువాతే మగ్గం ఎక్కుతుంది. వానకాలంలో నూలు ఆరడానికి ఇంకా సమయం పడుతుంది. మగ్గం గుంటలో చెమ్మ చేరితే నేత ఆగుతుంది. కాబట్టి పంద్రాగస్టుకు గుడ్డ కావాలనుకునేవాళ్లు చాలా ముందుగానే, ఏ రంగు, ఎన్ని గజాలు, ఎంత పన్నా అన్నది కాగితం మీద రాసుకుని నేతన్న ఇంటికి పోయి మాట్లాడండి. సగం సొమ్ము ముందే చేతిలో పెట్టండి. నూలు, రంగులు వాళ్లు అప్పు తేకుండా కొనుక్కుంటారు.